మెత్తగా దించే చెయ్యి

మియారా ఎయిషో గారు రోజూ ఇంకా చీకటి ఉండగానే లేచి, మొహం కడుక్కుని, వంటగదిలో పొయ్యి దేవుడి ముందు నీళ్ళు మార్చేవారు. గ్యాసు పొయ్యి పక్కన గూట్లో అరచేతిలో ఇమిడే తెల్ల పింగాణీ ధూపపాత్ర, చిటికెడు ఉప్పు పోసిన గిన్నె, రెండు పచ్చటి ఆకుకొమ్మలు, ఒక గ్లాసు నీళ్ళు. అంతే ఆయన గుడి. పాత నీళ్ళు మొక్కలకి పోసి, కొత్త నీళ్ళు పెట్టి, రెండు చేతులూ జోడించి ఆ రోజు పని చెప్పుకునేవారు. "ఈవేళ నాలుగు సార్లు ఎగరాలి. చిన్న విమానం. ఎక్కేవాళ్ళంతా మనవాళ్ళే. కాస్త కనిపెట్టుకుని ఉండు."

జపాన్‌కి దక్షిణాన ఉన్న మా ఓకినావా దీవుల్లో ఆ పని ఆడవాళ్ళది. పొయ్యి దేవుడు ఇంటి ఇల్లాలి మాట విని పైనున్న దేవుళ్ళందరికీ చేరవేస్తాడని మా నమ్మకం. మియారా గారి భార్య సుయేకో గారు ముప్ఫై ఏళ్ళు ఆ నీళ్ళు మార్చారు. ఆవిడ పోయాక గూడు ఖాళీగా ఉంచలేక ఆయనే అందుకున్నారు. నాహా ఊళ్ళో విమానాల కంపెనీ ఇళ్ళ వరుసలో వాళ్ళ పక్క వాటా మాదే. ఒకసారి మా అమ్మ నవ్వుతూ అడిగేసింది కూడా.

"మియారా గారూ, మగవాళ్ళు చెబితే ఆ దేవుడు చెవిన పెడతాడంటారా?"

"ఏమో అమ్మా. మా ఆవిడ పంపిందని చెప్పి మొదలుపెడుతున్నాను. ఇంతవరకూ తలుపు వేసుకోలేదు."

ఆయన పెద్ద విమానం వదిలి చిన్న విమానానికి రావడానికి కారణం ఆ నీళ్ళ గ్లాసేనంటే టోక్యోలోని కంపెనీ ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. పదహారేళ్ళు బోయింగ్ 747 నడిపిన కెప్టెన్, లండన్ వెళ్ళినా హొనొలులు వెళ్ళినా పేరు చెబితే కుర్చీ వేసే మనిషి, తనంతట తానుగా 737కి మార్చమని, దీవుల మధ్య తిరిగే పని ఇమ్మని అడగడమేమిటి? ఏదో తప్పు చేసి ఉంటాడన్నారు కొందరు. ఏనుగు దిగి మేకనెక్కాడని ఒకాయన విందులో అందరి ముందూ అన్నాడట. మియారా గారు అతని గ్లాసు నింపి, "నిజమేనండీ, కానీ మేక రాత్రికి ఇంటికొస్తుంది" అన్నారట. నెలలో సగం రోజులు ఊళ్ళో లేకపోతే నీళ్ళెవరు మారుస్తారన్నది ఆయన బాధ. అది పైకి చెప్పుకునే బాధ కాదు కదా.

నేను అదే కంపెనీలో విమానం లోపల పనిచేసే ఆడపిల్లలకి పెద్దగా ఉండేదాన్ని. పొద్దున్నే కంపెనీ బండిలో కలిసి వెళ్ళేవాళ్ళం. దారి పొడుగునా ఆయన తను నడిపిన విమానాల గురించి చెబుతుంటే, ఎవరింటి కోడళ్ళ గురించో చెబుతున్నట్టుండేది. మొట్టమొదట రెండు పంకాల విమానం. అది గాలికి ముందే భయపడిపోయేది, దాన్ని సముదాయించాలి. తరవాత మూడు ఇంజిన్ల జెట్. దానికి తొందర ఎక్కువ, దిగమంటే దిగదు, ముందే బతిమాలుకోవాలి. ఆ తరవాత 747. "అది మహాతల్లి. ఐదొందల మందిని కడుపులో పెట్టుకుని కూడా విసుక్కోదు. మనం ఒక మాట చెబితే కాసేపు ఆలోచించుకుని అప్పుడు చేస్తుంది. అందుకని అన్నీ ముందుగా చెప్పి ఉంచాలి." ఆయన దింపితే చక్రాలు నేల తాకిన సంగతి తెలిసేది కాదని, టీ తొణికేది కాదని చెప్పుకునేవారు. నిద్రపోయే పసిపిల్లలు నిద్రలోనే ఉండగా విమానం గేటు దగ్గర ఆగేదట. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆయన వద్దు వద్దని చెయ్యి ఊపేవారు కానీ చెవులు ఎర్రబడేవి. మనిషన్నాక ఏదో ఒకదాని మీద మురిపెం ఉంటుంది.

చిన్న జెట్‌కి వచ్చిన కొత్తలో చెయ్యి ఇంకా పాత విమానంలోనే ఉండేది. ఇంజిన్ల వేగం పెంచే పిడులు 747లో నాలుగు, ఇందులో రెండే. ఆయన అరచెయ్యి మాత్రం నాలుగింటి మీదా పడేటంత వెడల్పుగా తెరుచుకునేది. పక్కన కూర్చునే కో-పైలట్ షిమోజి కెన్యూ, మియాకో దీవి మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, నవ్వాపుకోలేకపోయేవాడు.

"కెప్టెన్ గారూ, మిగిలిన రెండూ టోక్యోలో వదిలేసి వచ్చాం."

"మరి ముందే చెప్పాలి కదయ్యా! తీసుకొచ్చేవాణ్ణి."

నేల మీద మలుపు తిరిగేటప్పుడూ అంతే. పెద్ద విమానంలో కెప్టెన్ ముందు చక్రం కన్నా చాలా ముందు కూర్చుంటాడు కాబట్టి, పసుపు గీత తన కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోయాక గానీ తిప్పకూడదు. ఇక్కడ అలా ఆగితే గీత దాటిపోతుంది. మొదటి వారం రెండు మూడు సార్లు అలా జరిగితే, దిగాక నేల మీద పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి టోపీ తీసి క్షమాపణ చెప్పుకున్నారు. వాళ్ళు బిక్కచచ్చిపోయారు. కెప్టెన్లు వాళ్ళకి టోపీ తియ్యడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

అయినా ఆయనకి ఈ పని బాగా నచ్చింది. 747లో జనం కింద, ఆయన మేడ మీద. పది గంటలు ప్రయాణం చేసినా ఒక్క మొహం కనిపించేది కాదు. ఇక్కడ గుమ్మం దగ్గర నిలబడి దిగేవాళ్ళందరికీ వంగి నమస్కారం చెప్పేవారు. ఆసుపత్రికి వచ్చి పోయేవాళ్ళు, స్కూలు ఆటల పిల్లలు, అనాసపళ్ళ బుట్టలు, ఒళ్ళో పూలకుండీలు. "ఫలానా వీధి మియారా వాళ్ళ రెండోవాడివి కదూ" అని పలకరించే ముసలమ్మలు. ఆయన పుట్టింది ఇషిగాకి దీవిలోనే మరి.

ఇషిగాకిలో దిగడమే అసలు కష్టం. అప్పట్లో అక్కడి రన్‌వే చాలా పొట్టిది. జెట్ విమానాలకి సరిపోయీ సరిపోనంత. అందుకని అక్కడ దిగే పద్ధతే వేరు. మెత్తగా దింపాలని చూడకూడదు. రన్‌వే మొదట్లో వేసి ఉన్న వెడల్పాటి తెల్లపట్టీల మీద విమానాన్ని దబ్బున కూర్చోబెట్టాలి. కూర్చున్న మరుక్షణం బ్రేకులు పడాలి, ఇంజిన్లు గాలిని ముందువైపుకి ఊదాలి. మా వాళ్ళకి అది అలవాటే. నేల దగ్గరపడుతుంటే ముసలమ్మలు మూటలు గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, పక్కనున్న కొత్తవాళ్ళకి, "నాలిక లోపల పెట్టుకో నాయనా" అని చెబుతారు. దబ్బుమనగానే నవ్వుకుంటారు. అక్కడ గట్టిగా దింపిన కెప్టెనే మంచి కెప్టెన్ అన్న సంగతి మాత్రం పైలట్లకే తెలుసు.

మియారా గారికీ తెలుసు. నేర్పేవాళ్ళు నేర్పారు, పరీక్ష పెట్టారు, నెగ్గారు. కానీ రోజులు గడిచేకొద్దీ ఆయన చెయ్యి తన పాత దారి వెతుక్కోవడం మొదలెట్టింది. కాస్త కాస్త మెత్తబడుతున్నాయి దించడాలు. వెనక కూర్చున్న మాకు అది హాయిగానే ఉండేది. ఆడపిల్లలు పోటీలు పడి మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకున్నాను. అందులో ఏముందో మాకేం తెలుసు?

ఆ రోజు మొయిలు పట్టి ఉంది. సన్నటి జల్లు. గాలి వెనక నుంచి మెల్లిగా తోస్తోంది. మా విమానం నిండుగా ఉంది. మొదటి వరసలో నాబె అవ్వ కూర్చుంది. కళ్ళకి శుక్లాలు తీయించుకుని ఊరికి వెళుతోంది. ఒక కంటికి ఇంకా కట్టు ఉంది. ఎక్కేటప్పుడు ఆమె సంచీ మియారా గారే మోసుకొచ్చి పైన పెట్టారు.

"కన్ను కొత్తది అవ్వా, జాగ్రత్త. కుదుపు తగలకుండా చూస్తాను."

"చూడు నాయనా. డాక్టరు దగ్గకూడదన్నాడు, తుమ్మకూడదన్నాడు. విమానం దబ్బున పడకూడదని మాత్రం చెప్పలేదు. ఆయనెప్పుడైనా మా ఊరొస్తేగా!"

ఆ మాటకి అందరం నవ్వాం.

దిగేటప్పుడు నేను ముందు తలుపు దగ్గర నా కుర్చీలో ఉన్నాను. నేల దగ్గరకొచ్చింది. దబ్బుమంటుందని వీపు కుర్చీకి ఆనించి కూర్చున్నాను. ఏమీ కాలేదు. కిటికీలోంచి గడ్డి, దీపాలు, తడిసిన కంచె వరసగా వెనక్కి పోతున్నాయి. విమానం ఊయలలా తేలుతూనే ఉంది. ఎప్పుడు తాకిందో తెలియదు, పట్టు తివాచీ మీద అడుగు పెట్టినట్టు తాకింది. మరుక్షణం బ్రేకులు పడ్డాయి. బెల్టు కడుపులోకి కోసుకుపోయింది. ఇంజిన్లు గోలపెట్టాయి. వెనక పెట్టెలు కదిలిన చప్పుడు. ఆ బలమంతా పెట్టి ఆగిన చోట కిటికీలోంచి చూస్తే, రన్‌వే చివర ఎర్ర దీపాలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపించాయి. వాటి అవతల గడ్డి, కంచె, చెరుకు తోట.

వెనక నుంచి చప్పట్లు.

దిగేటప్పుడు నాబె అవ్వ గుమ్మం దగ్గర ఆగి, సంచీలోంచి నల్లబెల్లం పొట్లం తీసి మియారా గారి చేతిలో పెట్టింది. "దేవుడిలా దింపావురా నాయనా. నీ చెయ్యి చల్లగుండ. నా కన్ను నిలబెట్టావు."

ఆయన వంగి పుచ్చుకున్నారు. నవ్వారు కూడా. కానీ మనిషి పెదవులు తెల్లబడి ఉన్నాయి.

జనం దిగిపోయాక ప్రయాణికుల లెక్క అప్పచెబుదామని కాక్‌పిట్ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. ఇద్దరూ బెల్టులు కూడా విప్పలేదు. అద్దం మీద జల్లు కారుతోంది.

"షిమోజీ."

"ఆఁ, కెప్టెన్ గారూ."

"ఎక్కడ తాకాం?"

షిమోజి ఒళ్ళో ఉన్న టోపీని గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. "పట్టీలు దాటిపోయాక. చాలా దాటాక."

"దాటుతుంటే తెలిసిందా, దాటాక తెలిసిందా?"

"దాటకముందే తెలిసింది. మీరు విమానం ముక్కు ఎత్తగానే, ఇది ఇంకా ఎత్తులో ఉందే అనుకున్నాను."

"అనుకున్నావు. మరి అనలేదేం? నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

అతను నోరు విప్పాక అన్నీ ఒక్కసారే వచ్చాయి. "పోయిన వారం మా చిన్నాడికి జ్వరమని మీరు మీ సెలవు మానుకుని నా బదులు ఎక్కారు. రోజూ మీ డబ్బాలో అన్నం సగం నాకే పెడతారు. మా ఆవిడ మీ పేరు చెప్పి దణ్ణం పెడుతుంది. కోప్పడే కెప్టెన్ అయితే ఎలాగో అరిచేవాణ్ణేమో, తిడితే తిట్టనీ అని. మీరు ఆ అవ్వకి మాటిచ్చి, ఎంతో ఇష్టంగా దింపుతున్నారు. మధ్యలో నేను 'తప్పండీ' అని ఎలా అనమంటారు? నోరు రాలేదు."

"అయితే నా అన్నం తిన్న పుణ్యానికి వీళ్ళందర్నీ చెరుకు తోటలోకి పంపేద్దామనుకున్నావా?"

షిమోజి తల ఇంకా కిందికి దించుకున్నాడు. ఆ మాట అన్నందుకు మియారా గారు వెంటనే నొచ్చుకున్నారు. అతని భుజం మీద చెయ్యి వేశారు. "నిన్ను కాదయ్యా. నన్ను నేను అనుకుంటున్నాను." అప్పుడు నన్ను చూశారు. "యోనాహా గారూ, ఆ బెల్లం పిల్లలకి పంచిపెట్టండి. నాకు మింగుడు పడదు."

తిరుగు ప్రయాణం నాహాకి. అక్కడి రన్‌వే కావలసినంత పొడుగు, బెంగ లేదు. దిగీ దిగగానే ఆయన డ్రెస్సు కూడా మార్చుకోకుండా ఆఫీసుకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు పైఅధికారికి చెప్పేశారు. ఆ అధికారి పాపం మంచివాడే. "ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదండీ? పైగా చప్పట్లు కొట్టారంటున్నారు. మీ అంతటి పెద్దమనిషి ఇంత చిన్నదానికి..." అన్నాడట. "చప్పట్లు కొట్టారనే భయంగా ఉందండీ" అన్నారట ఈయన. మెత్తగా దింపిన ప్రతిసారీ నలుగురూ మెచ్చుకుంటే, చెయ్యి ఇంకా మెత్తన నేర్చుకుంటుంది కదా. తనని ఇషిగాకి నుంచి తప్పించి మళ్ళీ శిక్షణకి పంపమని ఆయనే అడిగారు. అందులో నెగ్గకపోతే ఇక విమానమే ఎక్కనని కూడా చెప్పారు. సొంత ఊరివాళ్ళని ఎక్కించుకుని అక్కడ దింపలేని కెప్టెన్ నాహాలో మాత్రం ఎందుకన్నారు.

శిక్షణలో నేర్పే ఆయన ఒక మాట చెప్పారట, మియారా గారు తరవాత బండిలో మాకు చెప్పారు. 747లో చక్రాలు నేల తాకే వేళకి కూడా కెప్టెన్ కళ్ళు మూడో అంతస్తు ఎత్తులో ఉంటాయి. అన్నేళ్ళు ఆ ఎత్తు నుంచి చూసిన కళ్ళకి, నేల వచ్చేసిందంటే ఒక బొమ్మ. చిన్న జెట్‌లో ఆ బొమ్మే కనబడిందంటే చక్రాలింకా గాలిలోనే ఉన్నాయన్నమాట. కళ్ళు 'ఇదిగో నేల' అంటాయి, చెయ్యి నమ్మి ముక్కు ఎత్తేస్తుంది, విమానం తేలిపోతుంది. పొడుగు రన్‌వే మీద అది ఎవరికీ కనపడని తప్పు. ఇషిగాకిలో మాత్రం దాపరికం కుదరదు.

"కళ్ళకి అబద్ధమాడాలని లేదమ్మా. పాతింటి మెట్ల లెక్క మరిచిపోలేదు, అంతే" అన్నారాయన.

ఆ రోజుల్లో పొద్దున్నే పక్క వాటాలో గ్లాసు చప్పుడు మామూలుగానే వినిపించేది. చెప్పుకునే మాటలు మాత్రం తగ్గాయని మా అమ్మ అంది. ఎగిరే పని లేదు కదా, ఏం చెబుతారు? ఒకరోజు అమ్మ చిలగడదుంప గంజి గిన్నె పట్టుకెళ్ళి, "దేవుడికి ఊసుపోవడం లేదేమో మియారా గారూ, ఇది తిన్నానని చెప్పండి, అదీ కబురే" అంది. ఆయన చాన్నాళ్ళకి నవ్వారు.

శిక్షణ బాగానే నెగ్గారు. దబ్బున దింపడం చేతికి వచ్చింది. ఎవరినీ ఎక్కించుకోని విమానంతో ఇషిగాకిలోనే పదే పదే దింపించి, సరేనన్నాకే వదిలారు. కానీ మళ్ళీ పని మీదికి వచ్చే ముందు రోజు సాయంత్రం మెట్ల మీద కలిస్తే, ఆయన మొహంలో తేలిక కనిపించలేదు.

"నెగ్గారుగా, ఇంకా ఏమిటండీ?" అన్నాను.

"చేతికి నేర్పారమ్మా. వెనకాల మురిపెం ఒకటుంది కదా, అది ఏ అవ్వ మొహం చూసినా లేచి కూర్చుంటుంది. అది లేచిన రోజున పక్కవాడు నోరు తెరవాలి. ఆ పిల్లాడి నోటికి తాళం వేసింది నేనే."

మర్నాడు పొద్దున్న విమానం ఎక్కే ముందు అందరం ఎప్పటిలాగే చిన్న గదిలో నిలబడ్డాం. ఇద్దరు పైలట్లు, మేం నలుగురం. గాలి ఎటుందో, మబ్బు ఎక్కడుందో, ఎంతమంది ఎక్కుతున్నారో కెప్టెన్ చెబుతారు, మేం తలూపుతాం, ఒకరికొకరు వంగి, వెళ్ళిపోతాం. ఆ రోజు ఇషిగాకికే. బయట పోయినసారిలాగే మొయిలు పట్టి ఉంది. ఆయన చెప్పవలసినవన్నీ చెప్పారు. మేం వంగబోతుంటే, "ఇంకొక్క మాట" అన్నారు.

టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. షిమోజి వైపు తిరిగి, తన కన్నా పాతికేళ్ళు చిన్నవాడి ముందు, నడుము దాకా వంగారు. షిమోజి కంగారుపడి తనూ వంగబోతే, "ఉండు, నువ్వు వంగితే నేను చెప్పలేను" అని ఆపారు.

"షిమోజీ, నాకో సాయం చేసిపెట్టాలి. ఆ తెల్లపట్టీలు దాటిపోతుంటే, చక్రాలింకా తాకకపోతే, 'పైకి' అని అరిచెయ్యి. 'క్షమించండి కెప్టెన్ గారూ' అని మొదలెట్టకు. నా మొహం చూడకు, నేనేం పెట్టానో గుర్తు తెచ్చుకోకు. అనుమానం ఉన్నా అరిచెయ్యి. నువ్వు అరిస్తే నేను ఎందుకని అడగను, ఇంజిన్లు తోసి పైకి లేపేస్తాను. లేపాక నీది తప్పని తేలినా పరవాలేదు, ఇంకోసారి చుట్టు తిరిగొద్దాం. నా మనసు నొచ్చుకుంటుందని మాత్రం ఆగకు. నొచ్చుకోనీ."

షిమోజి, "సరేనండీ" అన్నాడు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

మియారా గారు తల అడ్డంగా ఊపారు. మా నలుగురి వంకా చూసి, మళ్ళీ అతని వంక చూశారు.

"ఆ గొంతు చాలదయ్యా. ఇదిగో, వీళ్ళందరూ ఇక్కడున్నారు, వాళ్ళ ముందు ఒక్కసారి నా మీద అరిచి చూపించు. నీకు దణ్ణం పెడతాను."